ఐదింటికి సర్వర్ బంద్

2024 డిసెంబరు 12, గురువారం. నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు తహసీల్దార్ కార్యాలయంలో మధ్యాహ్నం మూడున్నర దాటింది.

"వేలు పడ్తలేదు పెద్దమ్మా. జర గట్టిగ ఒత్తు."

ఎత్తం నుంచి వచ్చిన ముసలమ్మ బొటనవేలిని కొంగుతో తుడుచుకుని మళ్లీ ఆనించింది. యంత్రం ఒప్పుకోలేదు. ధరణి ఆపరేటర్ తడిగుడ్డ ఇచ్చాడు, చూపుడువేలు పెట్టమన్నాడు, తర్వాత ఎడమచేయి అన్నాడు. ఏళ్ల తరబడి పత్తి ఏరిన చేతులవి, నాట్లు వేసిన చేతులు. గీతలు అరిగిపోయాయి. పక్కన నిలబడ్డ చిన్న కొడుకు గోడ గడియారం వైపు చూస్తున్నాడు. ముందురోజు సాయంత్రం పూనాలో బస్సెక్కి, పొద్దున దిగి, నేరుగా ఇక్కడికే వచ్చాడు. ఎకరం పది గుంటలు అతని పేరిట గిఫ్ట్ డీడ్ చేయాలి. స్లాట్ బుక్ అయింది, చలాన్ కట్టారు, ఇద్దరు సాక్షులూ వచ్చి కూర్చున్నారు.

"ఐదింటికి బంద్ అయితదంట గద సారూ?"

"ఐదింటికే. మల్ల సోమారం పొద్దుగాల్నే."

సోమవారం దాకా ఉంటే అతని కూలి పోతుంది. మేస్త్రీ ఇచ్చింది రెండు రోజుల సెలవే.

ఈ కథలో తేదీలు, నిర్ణయాలు, సంస్థల పేర్లు రికార్డులో ఉన్నవి. మనుషులు మాత్రం ఈ పాలమూరు ప్రాంతంలో ఏ మండలాఫీసు వరండాలోనైనా ఎదురయ్యేవాళ్లు. వాళ్లకు పేర్లు పెట్టకుండా, ఆ రోజుల వరుసలో నిలబెట్టి చెబుతున్నాను.

భూముల రికార్డులు, రిజిస్ట్రేషన్లు నడిచే ధరణి పోర్టల్‌ను ఆ సాయంత్రం 5 గంటల నుంచి 16వ తేదీ ఉదయం దాకా ఆపుతున్నట్టు ప్రభుత్వం ముందే ప్రకటించింది. డేటాబేస్‌ను కొత్త వర్షన్‌కు మార్చడం కోసమని కారణం చెప్పింది. అప్పటికి పదకొండు రోజుల క్రితమే, డిసెంబరు 1న, ధరణి నిర్వహణ టెరాసిస్ అనే ప్రైవేటు సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ చేతికి మారింది. చేతులు మారిన వెంటనే పునాదిలో పని మొదలైంది.

నాలుగు పది అయింది. ఎడమచేతి ఉంగరపు వేలికి పచ్చలైటు వెలిగింది. వరండాలో ఉన్నవాళ్లు కూడా ఊపిరి పీల్చుకున్నారు. కొడుకు వేలు, సాక్షుల వేళ్లు, ఫోటోలు అయ్యాయి. తహసీల్దార్ తన వేలిముద్రతో లోపలికి వెళ్లి వివరాలు చదివి వినిపించారు. ఖాతా నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు. "నీ ఇష్టంతోనే ఇస్తున్నవా?" అని అడిగారు. ముసలమ్మ తలూపితే చాలదని, నోటితో చెప్పమన్నారు. "నా కొడుక్కే గద సారూ" అంది.

బటన్ నొక్కాక తెర మీద గుండ్రటి చక్రం తిరుగుతోంది. ఆ గదిలో అందరికీ ఒకటే భయం. చక్రం ఇట్లా తిరుగుతుండగానే ఐదు కొడితే భూమి ఎవరిదవుతుంది? తల్లి పేరు తీసేసి, కొడుకు పేరు ఎక్కేలోపు సర్వర్ ఆగిపోతే?

ఈ భయానికి డేటాబేస్ తయారుచేసినవాళ్లు చాలాకాలం కిందటే జవాబు కట్టిపెట్టారు. ఒక లావాదేవీలో ఎన్ని మార్పులున్నా అవన్నీ కలిసి జరగాలి, లేదా ఒక్కటీ జరగకూడదు. తల్లి ఖాతాలో ఎకరం పది గుంటలు తగ్గడం, కొడుకు ఖాతాలో అంతే పెరగడం, దస్తావేజు నంబరు పడటం అన్నీ ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. చివర 'ఖరారు' అన్న గుర్తు పడితేనే అది నిజం. ఆ గుర్తు పడకుండా కరెంటు పోయినా, లైను తెగినా, మళ్లీ లేచేటప్పుడు చిట్టా చూసుకుని సగంలో ఉన్నదాన్ని కొట్టేస్తుంది. భూమి తల్లి పేరునే ఉంటుంది. మధ్యలో గాలికి మాత్రం వదలదు.

నాలుగు నలభైకి దస్తావేజు ప్రింటు బయటికి వచ్చింది. తర్వాత స్లాటున్న పసుపుల రైతుకు మాత్రం సాక్షి రాలేదు. ఐదు దాటాక పోర్టల్ తెరుచుకోలేదు.

ఆ తర్వాత నాలుగు రాత్రుల్లో జరిగే పని కోడేరులో ఎవరికీ కనిపించదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అదే. డేటాబేస్‌ను ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు, ఒక అడ్రసు నుంచి ఇంకో అడ్రసుకు మార్చడం ఎక్కడైనా దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తుంది. నెట్‌వర్క్‌లో ప్రతి సర్వర్‌కూ ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. ఆ నంబర్లు మనం గుర్తుపెట్టుకోలేం కాబట్టి పేరుతో పిలుస్తాం. పేరు చెబితే నంబరు చెప్పే వ్యవస్థే డీఎన్‌ఎస్. దాన్ని 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించాడు. సర్వర్ మారినా పేరు మారదు, పేరు వెనక నంబరు మారుతుంది. వినడానికి ఇంతే. చిక్కంతా ఎక్కడంటే, ఒకసారి తెలుసుకున్న నంబరును కంప్యూటర్లు కొంతసేపు తమ దగ్గరే దాచుకుంటాయి. ఆ గడువు 24 గంటలు అని పెట్టి ఉంటే, సర్వర్ ఇల్లు మారిన తర్వాత కూడా కొన్ని ఆఫీసులు ఒక రోజంతా పాత గుమ్మం ముందే నిలబడి తలుపు కొడుతుంటాయి. అందుకే తెలిసిన ఇంజినీరు అడ్రసు మార్చడానికి రెండు మూడు రోజుల ముందే ఆ గడువును ఐదు నిమిషాలకు తగ్గిస్తాడు. మార్పు కుదురుకున్నాక మళ్లీ పెంచుతాడు. ఖర్చులేని పని. అయినా మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

డేటా సంగతి ఇంకొకటి. అంతా ఆపేసి, కాపీ తీసి, కొత్తచోట పోసి, తలుపు తెరవడం ఒక దారి. డేటా ఎంత పెద్దదైతే అంతసేపు బంద్. రెండో దారిలో పాతది నడుస్తుండగానే కొత్తచోట దాని ప్రతిరూపం నిలబెడతారు. పాతదాని చిట్టాలో పడ్డ ప్రతి మార్పూ క్షణాల్లో కొత్తదాంట్లోకి చేరుతూ ఉంటుంది. రెండూ సరిసమానంగా వచ్చాక, పాతదాంట్లో రాతలు ఆపి చదవడానికి మాత్రమే ఉంచి, చివరి మార్పులు చేరనిచ్చి, పేరును కొత్త నంబరు వైపు తిప్పుతారు. అప్పుడు బంద్ నిమిషాల్లో తేలిపోతుంది. కానీ దీనికి వారాల తరబడి సన్నాహం కావాలి. ముఖ్యంగా, ఎప్పుడో ఎవరో ప్రోగ్రాముల్లో పేరుకు బదులు నేరుగా నంబరే రాసిపెట్టి ఉంటారు, వాటన్నిటినీ వెతికి పట్టుకోవాలి. ఫైర్‌వాల్ దగ్గర పాత నంబరును మాత్రమే రానిచ్చే నిబంధనలుంటాయి. రాత్రి రెండింటికి వచ్చే బ్యాకప్, పక్క శాఖకు లెక్కలు పంపే చిన్న ప్రోగ్రాము, ఇవన్నీ మరిచిపోయిన బంధువుల్లా సరిగ్గా ముహూర్తం వేళకే బయటపడతాయి.

ఈ ప్రాంతానికి ఇలాంటి పని కొత్తదేమీ కాదు. శ్రీశైలం జలాశయం నీళ్లు పైకి వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. కొల్లాపూర్ దగ్గర జటప్రోలు, సోమశిల గుళ్లు కూడా అట్లాగే ఎత్తుకు చేరాయి. విప్పేముందే ఏ రాయి ఏ వరుసలోదో గుర్తు వేసుకోకపోతే, తెచ్చి పోసింది రాళ్లకుప్పే అవుతుంది. డేటా తరలించేవాళ్లు కూడా అదే చేస్తారు. పాతచోట ఎన్ని ఖాతాలు, ఎన్ని సర్వే నంబర్లు, మండలాలవారీగా మొత్తం విస్తీర్ణం ఎంత అని ముందే రాసుకుంటారు, కొత్తచోట మళ్లీ లెక్కిస్తారు. గుంట తేడా వచ్చినా తలుపు తెరవరు, వెనక్కి వెళ్లే దారి తెరిచే ఉంచుతారు.

నాలుగు రోజులు అని పేపర్లలో వచ్చింది గానీ, ఒకసారి క్యాలెండర్ చూడండి. 13 శుక్రవారం. 14 రెండో శనివారం, ప్రభుత్వ కార్యాలయాలకు సెలవు. 15 ఆదివారం. గురువారం ఐదింటికి ఆపి సోమవారం పొద్దున తెరిస్తే, పోయింది ఒక్క శుక్రవారమే. ఈ తేదీ అనుకోకుండా వచ్చిందనుకోను. రెండో శనివారం కోసం చూసి పెట్టినవాళ్లకు పసుపుల రైతు ఎవరో తెలియకపోయినా, అతని గురించి ఆలోచించినట్టే లెక్క.

ఎందుకింత పట్టింపు అంటే, ఈ ప్రాంతం ఇంకో రకం బంద్‌ను చూసింది. 2020 సెప్టెంబరు 7న గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) దగ్గరున్న రికార్డులన్నీ తెప్పించారు. మరునాటి నుంచి రాష్ట్రమంతా రిజిస్ట్రేషన్లు ఆగాయి. కొత్త చట్టం వచ్చింది. అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణిని ప్రారంభించారు. నవంబరు 2న 570 తహసీల్దార్ కార్యాలయాల్లో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. నడుమ 55 రోజులు అమ్మకం లేదు, కొనుగోలు లేదు. కూతురి పెండ్లికి ఎకరం అమ్ముదామనుకున్నవాళ్లు వడ్డీకి తెచ్చుకున్నారు. సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి పోనక్కర లేకుండా మండలంలోనే పని కావడం, రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే పూట కావడం మేలే, కాదనను. కానీ పాతది నడుస్తుండగానే కొత్తదాన్ని పక్కన నిలబెట్టి, సరిచూసి, ఒక వారాంతంలో మారి ఉంటే ఆ వడ్డీలు పడేవి కావు. రికార్డుల్లోని తప్పులు సర్దుకునే టైము కూడా దొరికేది. ఆ తర్వాత ఏళ్లపాటు జనం కలెక్టరేట్ల చుట్టూ తిరిగింది ఆ తప్పుల కోసమే.

పదహారు పొద్దున పోర్టల్ తెరుచుకునే సరికి చిన్న కొడుకు పూనాలో సెంట్రింగు పని మీద ఉన్నాడు. పది రోజులు గడిచాయో లేదో, ఈసారి బ్యాంకు వంతు వచ్చింది.

పాలమూరులో గ్రామీణ బ్యాంకు పేరు మారడం అలవాటే. ఒకప్పుడు ఇక్కడ సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు ఉండేది. 2006 మార్చి 31న మంజీర, కాకతీయ, నాగార్జున, శ్రీ విశాఖ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది. ప్రధాన కార్యాలయం వరంగల్‌లో, శాఖలు ఇక్కడి నుంచి శ్రీకాకుళం దాకా. రాష్ట్రం విడిపోయిన పదేళ్లకు ఆ బ్యాంకు కూడా విడిపోయింది. దాని తెలంగాణ శాఖలు 493, 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. దాంతో ఆ బ్యాంకు శాఖలు 928 అయ్యాయి. రెండింటికీ స్పాన్సర్ స్టేట్ బ్యాంకే.

ఖాతాలు మార్చడానికి డిసెంబరు 28 నుంచి 31 దాకా సేవలు ఆపుతామని చెప్పారు. ఇక్కడ కూడా 28 నాలుగో శనివారం, 29 ఆదివారం. శాఖల లెక్కన పోయింది రెండు రోజులే. అయితే ఈ లెక్క పదేళ్ల కిందటైతే చెల్లేది. ఇప్పుడు శాఖకు సెలవుంటుంది గానీ ఫోనుకు లేదు. ఆదివారం సంతలో టమాటాలు కొన్నా స్కానర్ ముందు ఫోన్ పెట్టేవాళ్లున్నారు. ఆ నాలుగు రోజులూ అట్లాంటివాళ్లకు నాలుగు రోజులే.

చిన్న కొడుకు ఈసారి ముందే జాగ్రత్తపడ్డాడు. శుక్రవారమే తల్లి ఖాతాలో మూడువేలు వేసి ఫోన్ చేశాడు.

"అవ్వా, ఇయ్యాలనే తెచ్చుకో. రేపటి సంది నాలుగు దినాలు బ్యాంకు నడవదు."

"గదేంది, మొన్న భూములాయె, ఇప్పుడు బ్యాంకా?"

"పేరు మారుతది."

"పేరు మారితే పైసలు యాడికి పోతయిరా?"

ఆమె ప్రశ్న న్యాయమైందే. బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఇట్లాగే ఒక వారాంతంలో 50 లక్షల మందికి పైగా ఖాతాదారుల డేటాను కొత్త వ్యవస్థలోకి మార్చింది. శుక్రవారం సాయంత్రం ఆపి ఆదివారం తలుపు తెరిచింది. డేటా అయితే చేరింది గానీ, దాన్ని మోయాల్సిన వ్యవస్థ నిలబడలేదు. 19 లక్షల మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. కొందరికి వేరేవాళ్ల ఖాతాలు కనిపించాయి. ఆ సెప్టెంబరులో బ్యాంకు అధిపతి పాల్ పెస్టర్ తప్పుకున్నాడు. 2022 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. బ్రిటన్‌లోని పెద్ద బ్యాంకుకే అట్లా జరిగితే, ఎత్తం ముసలమ్మ అడగడంలో తప్పేముంది?

జనవరి వచ్చింది. తేలికగా చెప్పిన 'పేరు మార్పు'కు అసలు పరీక్ష అప్పుడు ఎదురైంది.

26న నారాయణపేట జిల్లా కోస్గి మండలం చంద్రవంచలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రైతు భరోసాను ప్రారంభించారు. ఏడాదికి ఎకరాకు 12 వేలు, విడతకు 6 వేలు. మొదట మండలానికి ఒక ఊరు చొప్పున డబ్బులు వేశారు. రైతు ఫోనుకు ఆ ఒక్క మెసేజ్ రావాలంటే రెండు చోట్ల రాతలు సరిగా ఉండాలి. ఎంత భూమి ఎవరిదో చెప్పేది రెవెన్యూ డేటాబేస్, డబ్బు ఎక్కడ దిగాలో చెప్పేది బ్యాంకు అడ్రసు. ఆ రెండూ ఒకే డిసెంబరులో కదిలాయి. రెండింటి నడుమ ఉన్నవాడు కొత్త పాస్‌బుక్కు చేతికొచ్చిన చిన్న కొడుకు. కొత్త పట్టాదారులు పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు ఖాతా జిరాక్సులు వ్యవసాయ విస్తరణాధికారికి (ఏఈఓ) ఇవ్వాలి. అతను పూనాలో ఉన్నాడు కాబట్టి అన్న తీసుకుపోయాడు.

ఏఈఓ కాగితాలు తిరగేసి ఒకచోట ఆగింది.

"ఇది పాత ఐఎఫ్‌ఎస్‌సీ అన్నా. ఏపీజీవీ అని మొదలైతే నడవదు."

"పుస్తకం మీద గదే ఉన్నది గద మేడమ్."

"పుస్తకం పాతది. బ్యాంకు మారింది గద."

బ్యాంకు పాత పాస్‌బుక్కు మీద కోడ్ ఏపీజీవీ అనే నాలుగు అక్షరాలతో మొదలవుతుంది. ప్రతి శాఖకూ ఒక్కో కోడ్. కలిశాక అన్ని శాఖలకూ ఒకటే: ఎస్‌బీఐఎన్ 0 ఆర్‌ఆర్‌డీసీజీబీ. చివరి నాలుగు అక్షరాలు డీసీజీబీ, అంటే దక్కన్ గ్రామీణ బ్యాంకు. తెలంగాణ గ్రామీణ బ్యాంకుకు 2014కు ముందున్న పేరు అది. బోర్డు మారి పదేళ్లయినా అడ్రసులో పాత పేరే నడుస్తోంది. సాంకేతిక నిపుణులు కావాలనే ఇట్లా ఉంచుతారు. వేలమంది జీతాలకు, సబ్సిడీలకు, గ్యాస్ డబ్బులకు రాసుకున్న అడ్రసును అక్షరం మార్చినా ఎక్కడో ఎవరికో డబ్బు ఆగుతుంది. ఏపీజీవీ ఖాతాదారులకు ఆ సౌకర్యం దొరకలేదు, వాళ్లు ఇంకో ఇంట్లోకి వచ్చిచేరినవాళ్లు కాబట్టి. కోడేరు నుంచి గద్వాల దాకా పాత పుస్తకాల మీద పెన్నుతో కొట్టేసి కొత్త కోడ్ రాసుకున్నారు.

ఏఈఓ తానే పెన్ను తీసి దిద్దింది. పక్కనున్నవాళ్ల కాగితాలు కూడా అడిగి చూసింది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇలాంటి తరలింపుల్లో సర్వర్ గదిలో రాత్రంతా మేలుకున్న ఇంజినీరుకు పేరు రాకపోవడం ఎంత అన్యాయమో, చివరి కాగితం మీద కోడ్ దిద్దిన ఈ అమ్మాయి కనిపించకపోవడం కూడా అంతే అన్యాయం. కొత్త అడ్రసు పల్లె దాకా చేరేది ఆమె పెన్నుతోనే.

2025 ఏప్రిల్ 14న పోర్టల్ పేరు కూడా మారింది. ధరణి స్థానంలో భూ భారతి. ఈసారి ఒకేసారి అంతటా దించలేదు. నాలుగు మండలాల్లో ముందు నడిపించి చూశారు: లింగంపేట, మద్దూరు, నేలకొండపల్లి, వెంకటాపూర్. మద్దూరు మన నారాయణపేట జిల్లాదే. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు. 2020తో పోలిస్తే ఇది నాకు నచ్చిన దారి. అప్పుడే ఇంత ఓపిక ఉంటే ఎంత బాగుండేదో.

ఎత్తంలో సదస్సుకు ముసలమ్మ కూడా వచ్చింది. ఆమెకు దరఖాస్తేమీ లేదు. చిన్న కొడుకు పేరు కొత్తదాంట్లో ఉందో లేదో చూడమని కుర్చీలో కూర్చున్న సిబ్బందిని అడిగింది. అతను సర్వే నంబరు కొట్టి, ఎకరం పది గుంటలు ఉందని చదివి చెప్పాడు. ఆమె లేవలేదు.

"మల్ల ఎప్పుడన్న బంద్ పెడ్తరా బిడ్డా?"

"ఎందుకు పెద్దమ్మా?"

"పెడితే పది దినాలు ముందుగాల డప్పు కొట్టియ్యుండ్రి. పోరడు పూనా కెల్లి రావాలె."